ఆజ్ఞ వేయలేని నిపుణుల మాట ఎందుకు చెల్లుతుంది?

చెక్ రిపబ్లిక్ తూర్పు అంచున ఓస్ట్రావా అనే పారిశ్రామిక నగరం ఉంది. 1999లో అక్కడి హెడ్మాస్టర్లకు ఒక ప్రశ్నావళి చేరింది. 8 స్పెషల్ స్కూళ్లకు, 69 మామూలు ప్రాథమిక బడులకు దాన్ని పంపారు. అడిగింది చిన్న సంగతే: మీ బడిలో పిల్లలెంతమంది, వాళ్లలో రోమా పిల్లలెంతమంది? రోమాలంటే యూరోప్‌లో జిప్సీలని కూడా పిలిచే మైనారిటీ జాతి. స్పెషల్ స్కూల్ అంటే బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసమని అక్కడి ప్రభుత్వం పెట్టిన బడి. అందులో చదివిన పిల్లలకు ఆ తర్వాత పైచదువుల దారి దాదాపు మూసుకుపోయినట్టే.

జవాబులు కూడితే లెక్క తేలింది. స్పెషల్ స్కూళ్లలో ఉన్న 1,360 మందిలో 762 మంది రోమాలు, అంటే 56 శాతం. నగరంలోని ప్రాథమిక బడుల పిల్లలు మొత్తం 33,372 మంది అయితే వాళ్లలో రోమాలు 2.26 శాతం మాత్రమే. ఇంకో వైపు నుంచి చూస్తే, రోమా పిల్లల్లో 50.3 శాతం స్పెషల్ స్కూళ్లలోనే ఉన్నారు, మిగతా పిల్లల్లో 1.8 శాతం ఉన్నారు. రోమా ఇంట పుట్టిన బిడ్డ ఆ బడిలో తేలే అవకాశం ఇతరుల కంటే 27 రెట్లు ఎక్కువ.

పద్దెనిమిది మంది పిల్లల తరఫున ఈ అంకెలు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానానికి చేరాయి. చెక్ ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. ఇవి హెడ్మాస్టర్ల సొంత అభిప్రాయాలు, పిల్లల జాతి గురించి అధికారిక సమాచారమే లేనప్పుడు ఈ లెక్కలకు విలువేమిటి అన్నది దాని వాదన. 2006లో తొలి ధర్మాసనం 6-1 మెజారిటీతో పిల్లలకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది నవంబర్ 13న విస్తృత ధర్మాసనం 13-4తో దాన్ని తిరగేసింది. ఫలానా అధికారి ఫలానా బిడ్డను ద్వేషంతో పంపాడని నిరూపించనక్కర్లేదు, నమ్మదగిన గణాంకాలు చూపితే ప్రాథమిక రుజువుగా సరిపోతుంది, ఆపైన వివక్ష లేదని నిరూపించుకునే భారం ప్రభుత్వానిదే అంది. ప్రభుత్వం ఈ అంకెలు తప్పంది గానీ, వాటికి పోటీగా తన అంకెలేవీ చూపలేదన్న సంగతినీ గుర్తుచేసింది. ఒక్కో బిడ్డకు దక్కిన పరిహారం 4,000 యూరోలు.

ఆ కేసులో లాయర్లు పేరున్నవాళ్లే, వాదనలూ గట్టివే. అయినా తీర్పును మోసింది ఒక ప్రశ్నావళి. దాని పక్కన, ఈ న్యాయస్థానం ఏ సంస్థ కిందికి వస్తుందో ఆ యూరోప్ మండలి నిపుణుల సంఘాలు అంతకు ముందే రాసిపెట్టిన నివేదికలు. వాటిని రాసినవాళ్లలో ఎవరికీ ఒక్క బడిని మూయించే అధికారం లేదు, ఒక్క బిడ్డను బడి మార్పించే అధికారమూ లేదు. మానవ హక్కులు, వలసలు, మైనారిటీల వ్యవహారాల్లో నిపుణులనబడే వాళ్ల పరిస్థితి ఎక్కడైనా ఇంతే. ఆజ్ఞ వేయలేరు. కానీ ఆజ్ఞ వేసేవాళ్లు వాడే మాటలు, అంకెలు చాలాసార్లు వీళ్ల దగ్గర్నుంచి వచ్చినవే.

అంతర్జాతీయ న్యాయస్థానం శాసనంలోని 38వ అధికరణం ఈ స్థానాన్ని కొలత పెట్టి మరీ చెప్పింది. న్యాయమూర్తులు ముందు ఒడంబడికలు చూడాలి, తర్వాత దేశాల ఆచారం, ఆ తర్వాత న్యాయ సూత్రాలు. చివర్లో, కోర్టు తీర్పుల పక్కన, వివిధ దేశాల్లోని అత్యంత అర్హులైన పండితుల బోధనలను కూడా చూడొచ్చంది. అదైనా అనుబంధ సాధనంగా మాత్రమే.

జీతం విషయంలోనూ అంతే. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీలో 18 మంది సభ్యులుంటారు. ఒడంబడికలో చేరిన దేశాలు వాళ్లను నాలుగేళ్లకు ఎన్నుకుంటాయి. ఎన్నికయ్యాక వాళ్లు ఏ దేశానికీ ప్రతినిధులు కారు, వ్యక్తిగత హోదాలో కూర్చుంటారు. 2002లో సర్వసభ్య సమితి వీళ్ల గౌరవ వేతనాన్ని ఏడాదికి 1 డాలర్‌గా నిర్ణయించింది. దారి ఖర్చులు, భత్యం మాత్రం ఇస్తారు. దేశాలు తిరిగి నివేదికలు రాసే స్పెషల్ రాపోర్టర్లకు కూడా జీతం ఉండదు, పదవి గరిష్ఠంగా ఆరేళ్లు. జీతం ఇచ్చేవాడు లేకపోతే మాట మీద పెత్తనం చేసేవాడూ ఉండడన్నది ఈ ఏర్పాటు వెనక లెక్క. లెక్క మంచిదే, కానీ దాని ఫలితం ఇంకోలా ఉంటుంది. ఏళ్ల తరబడి ఉచితంగా పనిచేయగలిగేది ఎవరు? సెలవిచ్చే యూనివర్సిటీలో స్థిరమైన ఉద్యోగం, సాయానికి పరిశోధక విద్యార్థులు ఉన్న ప్రొఫెసర్. లేదా రిటైరైన దౌత్యవేత్త. నిపుణుల జాబితాల్లో ఈ రెండు రకాల వాళ్లు అంతగా కనిపించడానికి ప్రతిభ ఒక్కటే కారణం కాదు.

వీళ్ల చేతిలో అసలు పని ఎక్కడుందో చూడాలంటే మైనారిటీ అన్న మాట నడిచొచ్చిన దారిని చూడాలి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సరిహద్దులు మారి లక్షలాది మంది ఉన్నచోటే పరాయివాళ్లయ్యారు. 1919లో పోలండ్‌తో మొదలుపెట్టి వరసగా మైనారిటీ ఒప్పందాలు కుదిరాయి. నానాజాతి సమితి వాటికి కాపలా. ఆ కాలపు అంతర్జాతీయ శాశ్వత న్యాయస్థానం 1930లో, గ్రీస్-బల్గేరియా వ్యవహారంలో, ఒక మాట అంది. ఒక సముదాయం ఉందా లేదా అన్నది వాస్తవానికి సంబంధించిన ప్రశ్న, చట్టానికి సంబంధించినది కాదు. అంటే ఒక గుంపు ఉనికిని ప్రభుత్వం చట్టం రాసి రద్దు చేయలేదు. ఈ వాక్యం అప్పట్లో పెద్దగా ఎవరి దృష్టిలోనూ పడలేదు గానీ, తర్వాతి వాదాలన్నీ చివరికి దాని దగ్గరికే వచ్చి చేరాయి.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గాలి మారింది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో మైనారిటీల గురించి విడిగా ఒక్క అధికరణం లేదు. ప్రతి మనిషికీ హక్కులిస్తే గుంపులకు వేరే ఎందుకని అప్పటి ఆలోచన. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 27వ అధికరణంతో ఆ లోటు కొంత తీరింది. తమ సంస్కృతిని అనుభవించే, తమ మతాన్ని ఆచరించే, తమ భాషను వాడే హక్కును మైనారిటీ వర్గాల వ్యక్తులకు కాదనకూడదని అది చెబుతుంది. కానీ ఆ వాక్యం మొదలయ్యేదే తప్పించుకునే సందుతో: జాతి, మత, భాషా మైనారిటీలు ఉన్న దేశాలలో. మరి మా దేశంలో లేరంటే? ఫ్రాన్స్ దాదాపు అదే చేసింది. తన రాజ్యాంగం ప్రకారం ఈ అధికరణం తనకు వర్తించదని ఒడంబడికలో చేరుతూనే ప్రకటించింది.

ఈ సందు పూడ్చాలంటే మైనారిటీ అంటే ఎవరో నిర్వచించాలి. ఐక్యరాజ్యసమితి ఉపసంఘం ఆ పనిని ఇటలీకి చెందిన న్యాయశాస్త్ర ఆచార్యుడు ఫ్రాన్సెస్కో కాపొటోర్టికి అప్పగించింది. 1977లో ఆయన అధ్యయనం పూర్తయింది. ఆయన నిర్వచనంలో మైనారిటీ అంటే సంఖ్యలో మిగతా జనాభా కంటే తక్కువ, అధికార స్థానంలో లేనిది, జాతి, మత, భాషా లక్షణాల్లో వేరైనది, ఆ లక్షణాలను నిలుపుకోవాలన్న ఐక్యభావం ఉన్నది. దీంట్లో పెద్ద గొడవేమీ లేదు. గొడవంతా ఇంకో షరతు దగ్గర వచ్చింది. ఆ గుంపులోని వాళ్లు ఆ దేశ పౌరులై ఉండాలన్నాడాయన. 1985లో కెనడా న్యాయమూర్తి జూల్స్ డెషేన్ మరో ముసాయిదా ఇచ్చాడు. పౌరసత్వం అందులోనూ నిలిచింది. దేశాలు రెండింటినీ ఆమోదించలేదు. 1992 డిసెంబర్ 18న సర్వసభ్య సమితి ఆమోదించిన మైనారిటీల హక్కుల ప్రకటనలో నిర్వచనమే లేదు. అసలు మాట ఏంటో చెప్పకుండానే దాని హక్కులు ప్రకటించారన్నమాట. దౌత్యంలో ఇది కొత్త కాదు.

పౌరసత్వం షరతు పైకి న్యాయంగానే కనబడుతుంది. నిన్న వచ్చిన పర్యాటకుడికి భాషా హక్కులేమిటని ఎవరైనా అడగొచ్చు. అయితే ఆ షరతు పెట్టాక తాళం ప్రభుత్వం చేతికి పోతుంది. పౌరసత్వం తీసేస్తే చాలు, మైనారిటీ మాయం. మయన్మార్‌లో రోహింగ్యాల సంగతి చూస్తే ఇది ఊహాగానం కాదని తెలుస్తుంది. 1982 పౌరసత్వ చట్టం, 135 జాతుల అధికారిక జాబితా కలిసి వాళ్లను బయటికి నెట్టాయి. తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లు కాగితం మీద విదేశీయులయ్యారు. కాపొటోర్టి షరతును అక్షరాలా పట్టుకుంటే మైనారిటీ రక్షణ ఎవరికి అన్నిటికంటే ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందదు.

1994లో మానవ హక్కుల కమిటీ, ఒడంబడిక అర్థాన్ని వివరిస్తూ రాసే సాధారణ వ్యాఖ్యల్లో 23వ దానిలో ఈ ముడి విప్పింది. 27వ అధికరణం రక్షణ పొందడానికి పౌరులు కానక్కర్లేదు, శాశ్వత నివాసులు కూడా కానక్కర్లేదు, మైనారిటీ ఉందో లేదో ప్రభుత్వ నిర్ణయం మీద ఆధారపడదు, వాస్తవ ప్రమాణాలతో తేలాలి అంది. వలస కార్మికులు సైతం ఈ గొడుగు కిందికి వచ్చినట్టే. 1930 నాటి వాక్యం అరవై నాలుగేళ్ల తర్వాత ఇలా తిరిగొచ్చింది. 2019లో అప్పటి మైనారిటీ వ్యవహారాల స్పెషల్ రాపోర్టర్, కెనడా పండితుడు ఫెర్నాండ్ డి వరెన్ ఇంకా సూటిగా రాశాడు. దేశం మొత్తం జనాభాలో సగానికి తక్కువగా ఉండి, సంస్కృతి, మతం, భాషల్లో ఉమ్మడి లక్షణాలున్న ఏ గుంపైనా మైనారిటీయే. పౌరసత్వం, నివాసం, అధికారిక గుర్తింపు, ఏదీ షరతు కాదు.

దేశం మొత్తం అన్న మాటలో ఒక మెలిక ఉంది. కెనడాలో ఫ్రెంచ్ వాళ్లు ఎక్కువగా ఉండే క్యూబెక్ రాష్ట్రంలోని ఇంగ్లిష్ వ్యాపారులు తమ దుకాణాల బోర్డుల భాష మీద పెట్టిన ఆంక్షల గురించి కమిటీకి ఫిర్యాదు చేశారు. 1993లో దాని మీద నిర్ణయం వచ్చింది. క్యూబెక్ వరకు వాళ్లు తక్కువమందే, కానీ కెనడా మొత్తంలో ఇంగ్లిష్ వాళ్లదే మెజారిటీ కాబట్టి 27వ అధికరణం కింద వాళ్లు మైనారిటీ కారని కమిటీ తేల్చింది. వాళ్ల కేసు గెలిచింది భావప్రకటన స్వేచ్ఛ మీద. ఫెడరల్ దేశాల్లో ఒక రాష్ట్రంలో చిక్కుకున్న చిన్న గుంపులకు ఈ సూత్రం ఎంతవరకు న్యాయం చేస్తుందన్నది ఇప్పటికీ తేలని వాదం. కమిటీలోనే అప్పుడు ఏకాభిప్రాయం కుదరలేదు.

నిర్వచనాల గొడవ పండితుల కాలక్షేపం అనుకునేవాళ్లు సాండ్రా లవ్‌లేస్ కేసు చూడాలి. కెనడాలోని మలిసీట్ మూలవాసి మహిళ ఆమె. బయటి వ్యక్తిని పెళ్లాడినందుకు చట్టప్రకారం మూలవాసి హోదా పోయింది. అదే తెగ పురుషుడు బయటి స్త్రీని పెళ్లాడితే హోదా పోదు. విడిపోయాక సొంత గూడేనికి తిరిగొచ్చి ఉండే హక్కు ఆమెకు లేకపోయింది. ఆమె ఆ మైనారిటీకి చెందినదేనని, ఆ భాష, సంస్కృతి ఉన్న చోటు అదొక్కటే కాబట్టి రానీయకపోవడం 27వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని 1981 జులైలో కమిటీ చెప్పింది. కమిటీ అభిప్రాయం కోర్టు తీర్పు కాదు, జప్తు చేయడానికి అమీనా రాడు. అయినా 1985లో కెనడా ఆ చట్టాన్ని సవరించింది.

శరణార్థుల చట్టంలో ఇలాంటి పనే ఇంకో తీరుగా సాగింది. 1951 జులై 28న కుదిరిన ఒడంబడిక ప్రకారం జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక నిర్దిష్ట సామాజిక వర్గానికి చెందడం అనే అయిదు కారణాల్లో ఒకదానివల్ల పీడనకు గురవుతానన్న సహేతుకమైన భయంతో దేశం వెలుపల ఉన్నవాడు శరణార్థి. పీడన అంటే ఏమిటో మాత్రం ఒడంబడిక చెప్పదు. మూల ప్రతిలో 1951 జనవరి 1కి ముందరి సంఘటనలకే ఇది పరిమితం. 1967 ప్రొటోకాల్ ఆ తేదీని తీసేసింది గానీ, పీడన అర్థం అలాగే ఉండిపోయింది. దశాబ్దాల పాటు ఒక్కో దేశపు అధికారి తన మనసుకు తోచిన గీత గీశాడు. దెబ్బలు పీడనేనా? ఉద్యోగం పోవడం? పిల్లల్ని బడికి రానీయకపోవడం?

1991లో కెనడా న్యాయశాస్త్ర ఆచార్యుడు జేమ్స్ హాథవే ఒక కొలబద్ద ప్రతిపాదించాడు. ప్రాథమిక మానవ హక్కుల్ని ఎడతెగకుండా లేదా వ్యవస్థాగతంగా ఉల్లంఘించడం, దానికి తోడు ప్రభుత్వం రక్షణ కల్పించలేకపోవడం. రెండేళ్లు తిరక్కుండానే, 1993లో, కెనడా సుప్రీం కోర్టు వార్డ్ కేసులో ఈ ఆలోచనను చేపట్టింది. వార్డ్ ఉత్తర ఐర్లండ్‌లో ఒక సాయుధ బృందంలో పనిచేసినవాడు. చంపమన్న బందీలను తప్పించి, తన బృందం చేతిలోనే మరణశిక్షకు గురయ్యే స్థితి తెచ్చుకున్నాడు. పీడించేది ప్రభుత్వమే కానక్కర్లేదు, ప్రభుత్వం కాపాడలేకపోయినా చాలని కోర్టు అంది. తర్వాత బ్రిటన్, న్యూజిలాండ్ న్యాయస్థానాలూ ఈ బాటే పట్టాయి. ఇంట్లో భర్త చేతిలో, ఊళ్లో జనం చేతిలో హింస పడి, పోలీసులు పట్టించుకోని స్త్రీలు శరణార్థులుగా గుర్తింపు పొందడానికి తలుపు తెరుచుకున్నది ఇక్కడే. ఒక ఆచార్యుడి వాక్యం ఇంత త్వరగా ఇంతమంది జీవితాల్లోకి రావడం అరుదు. అది అలా చెల్లడానికి కారణం, ఆయన కొత్త విలువలేవీ కనిపెట్టలేదు. దేశాలు అప్పటికే సంతకం చేసిన హక్కుల ఒడంబడికల్నే కొలబద్దగా పెట్టాడు. కాదంటే ఆ దేశాలు తమ సంతకాన్నే కాదనాలి.

సిద్ధాంతం ఎంత చక్కగా ఉన్నా, చివరికి ఒక మనిషి చెప్పేది నమ్మాలా వద్దా అన్న దగ్గరికే వ్యవహారం వస్తుంది. ఇక్కడికొచ్చాక నిపుణుడి పాత్ర పూర్తిగా వేరు. జెనీవా సమావేశ మందిరం కాదు, ట్రైబ్యునల్ గది. ఎదురుగా కాగితాల్లేని మనిషి.

శరణు కోరిన వ్యక్తి ఫలానా ప్రాంతం వాడినంటాడు. పాస్‌పోర్టు లేదు. అధికారులు ఫోన్‌లో ఇంకెవరితోనో మాట్లాడించి, కొద్ది నిమిషాల సంభాషణను రికార్డు చేస్తారు. స్వీడన్‌లోని ఒక సంస్థ దాన్ని విని, ఈ యాస ఫలానా చోటిది, చెబుతున్న చోటిది కాదు అని నివేదిక ఇస్తుంది. నివేదిక మీద విశ్లేషకుల పేర్లుండవు, కోడ్ అంకెలుంటాయి. 2014లో బ్రిటన్ సుప్రీం కోర్టు ముందుకు వచ్చిన రెండు కేసులు ఇలాంటివే. దక్షిణ సోమాలియాలో ఒక మైనారిటీ తెగకు చెందినవాళ్లమని ఇద్దరు చెప్పారు. యాసను బట్టి వాళ్లది కెన్యా అన్నాయి నివేదికలు. అంతటితో ఆగి ఉంటే వేరే సంగతి. ఆ ఊరి గురించి వీళ్లకు సరిగా తెలియదు, బట్టీపట్టి చెబుతున్నట్టుంది అంటూ కథ నిజానిజాల మీద కూడా వ్యాఖ్యానించాయి.

సోమాలీ భాష సోమాలియాలో ఆగిపోదు. కెన్యాలో, ఇథియోపియాలో, జిబూతీలో కూడా మాట్లాడతారు. యుద్ధంలో చెదిరి మూడు చోట్ల తలదాచుకున్న మనిషి మాటలో మూడు చోట్ల ధూళీ ఉంటుంది. అటు పక్క ఫోన్‌లో ఉన్నవాడు వేరే యాసలో అడుగుతుంటే, తెలియకుండానే నోరు అటు తిరుగుతుంది. అధికారి ముందు కూర్చున్న మనిషి ఇంటి మాట మాట్లాడడు. భాషాశాస్త్రవేత్తల బృందం ఒకటి 2004లో మార్గదర్శకాలు రాసింది ఇందుకే. మాటను బట్టి ఒక మనిషి ఏ సమాజంలో పెరిగాడో కొంతవరకు చెప్పొచ్చు, ఏ దేశ పౌరుడో చెప్పలేం, మాతృభాషగా మాట్లాడటం వచ్చినంత మాత్రాన ఎవరూ విశ్లేషకులైపోరు అని అందులో స్పష్టంగా రాశారు. సుప్రీం కోర్టు కూడా నివేదికల్ని పూర్తిగా తోసిపుచ్చలేదు. యాస గురించి చెప్పండి, అదీ మీకు ఆ నైపుణ్యం ఎలా వచ్చిందో చూపించి. కథ నమ్మదగిందా లేదా అన్నది న్యాయమూర్తి పని, మీది కాదు అంది.

దీనికి సరిగ్గా ఎదురు నిలబడే కేసులో అదే కోర్టు 2019లో తీర్పు చెప్పింది. శ్రీలంక నుంచి వచ్చిన ఒక తమిళుడి ఒంటి మీద అయిదు కాలిన మచ్చలు, చేతి మీదా వీపు మీదా. నిర్బంధంలో కాల్చిన లోహపు కడ్డీలతో పెట్టారన్నాడు. చేతి మీద పెట్టినప్పుడు తెలివి ఉందని, ఆ బాధకు స్పృహ తప్పాక వీపు మీద పెట్టారని చెప్పాడు. పరీక్షించిన వైద్యుడు మచ్చల అంచులు గమనించాడు. వీపు మీదివి గీసినట్టు స్పష్టంగా ఉన్నాయి. కదలని ఒంటి మీద పెడితే వచ్చే మచ్చ అది, స్పృహ లేదన్న మాటతో సరిపోతుంది. శరణు కోసం తనే ఎవరితోనో కాల్పించుకున్నాడేమోనన్నది ప్రభుత్వ పక్షపు అనుమానం. అప్పీలు కోర్టులో మెజారిటీ న్యాయమూర్తులు, మచ్చలు ఎలా వచ్చాయో చెప్పాలి గానీ మనిషి చెప్పిన కథతో పోల్చడానికి వైద్యుడెవరన్నట్టు మాట్లాడారు.

సుప్రీం కోర్టు ఒప్పుకోలేదు. చిత్రహింసల ఆనవాళ్లను పరీక్షించడానికి 1999 నాటి ఇస్తాంబుల్ ప్రొటోకాల్ ఉంది. అందులో అయిదు మెట్లున్నాయి. గాయానికీ చెప్పిన కారణానికీ పొంతన లేదు అన్నది మొదటి మెట్టు. పొంతన ఉంది గానీ ఇతర కారణాలూ చాలా ఉండొచ్చు. బాగా పొంతన ఉంది, ఇతర కారణాలు కొద్దే. ఇలాంటి హింసలో మామూలుగా కనిపించే గాయమే. ఆఖరిది, ఇంకే విధంగానూ వచ్చే వీల్లేదు. ఈ మెట్లు ఎక్కాలంటే మనిషి ఏం చెప్పాడో వైద్యుడు వినాలి, గాయంతో పోల్చాలి. అది గీత దాటడం కాదు, పరీక్షలో భాగమే. పైగా ఒళ్లు కాల్పించుకుని శరణు అడగడం అత్యంత అరుదన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలని కోర్టు చెప్పి, కేసును తిరిగి విచారణకు పంపింది.

రెండు కేసుల్నీ పక్కపక్కన పెడితే నిపుణుడి గీత ఎక్కడుందో కనబడుతుంది. యాస విన్నవాడు తనకు తెలియని దాని మీద మాట్లాడి గీత దాటాడు. వైద్యుడికి తెలిసిన దాన్ని కూడా చెప్పనివ్వకుండా అప్పీలు కోర్టు గీతను వెనక్కి జరిపింది. శరణు కోరే మనిషికి నష్టం రెండు వైపుల నుంచీ ఉంది. ట్రైబ్యునళ్లలో తరచు వినిపించే ఆరోపణ ఏమంటే, శరణు కోరేవాళ్ల సొంత దేశాల పరిస్థితి గురించి చెప్పే ఈ నిపుణులంతా శరణార్థుల పక్షం, ఏది అడిగినా అవునంటారని. కొందరి విషయంలో నిజం కావచ్చు. ఆ ఆరోపణకు నిలబడే నివేదికలు మాత్రం ఒకే రకంగా ఉంటాయి. ఫలానా జిల్లాలో ఫలానా ఏడాది తర్వాత పరిస్థితి తెలియదని ఒప్పుకునే నివేదికను న్యాయమూర్తి మిగతా పేజీల్లోనూ నమ్ముతాడు.

ప్రభుత్వాలకు నిపుణుల మాట నచ్చనప్పుడు వాదనకు దిగేవి తక్కువ. మనిషినే ఆపేయడం తేలిక. రుమేనియాకు చెందిన డుమిట్రు మజీలుకు ఐక్యరాజ్యసమితి ఉపసంఘం 1985లో యువత, మానవ హక్కుల మీద నివేదిక రాసే పని ఇచ్చింది. ప్రభుత్వం ఆయన్ను దేశం దాటనివ్వలేదు. గుండె జబ్బంది, ఆయన ఇక రాయలేడంది. ఆయన రాతలు మాత్రం ఏదోలా జెనీవా చేరాయి. అంతర్జాతీయ న్యాయస్థానం 1989 డిసెంబర్ 15న ఏకగ్రీవంగా సలహా అభిప్రాయం ఇచ్చింది: సమితి పని మీద ఉన్న నిపుణుడికి సొంత దేశం మీద కూడా రక్షణ వర్తిస్తుందని. సరిగ్గా మర్నాడే రుమేనియా నగరం తిమిషోరాలో జనం వీధుల్లోకి వచ్చారు, నెల తిరక్కుండా ఆ ప్రభుత్వమే పోయింది. న్యాయస్థానం అభిప్రాయాన్ని రుమేనియా పాటించేదా లేదా అన్న ప్రశ్నకు జవాబు ఆ విధంగా ఎప్పటికీ దొరకలేదు. పదేళ్ల తర్వాత మలేషియా న్యాయవాది పరం కుమారస్వామి వంతు. న్యాయమూర్తుల స్వతంత్రత మీద స్పెషల్ రాపోర్టర్‌గా ఉంటూ ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూ మీద పరువునష్టం దావాలు పడ్డాయి. 1999 ఏప్రిల్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆయనకూ రక్షణ ఉందనే చెప్పింది.

మయన్మార్ తలుపు మూసేసింది. 2017 డిసెంబర్‌లో స్పెషల్ రాపోర్టర్ యాంఘీ లీని దేశంలోకి రావద్దంది. మర్జూకి దారుస్మాన్, రాధికా కుమారస్వామి, క్రిస్టఫర్ సిడోటీ సభ్యులుగా ఉన్న నిజనిర్ధారణ బృందాన్నీ రానివ్వలేదు. ఆ బృందం బయటే ఉండి బాధితులతో, సాక్షులతో 875 ఇంటర్వ్యూలు చేసింది, ఉపగ్రహ చిత్రాల్లో కాలిన ఊళ్లను గుర్తించింది. 2019 నవంబర్‌లో గాంబియా జాతినిర్మూలన కేసు వేసినప్పుడు దాని చేతిలో ఉన్న ముఖ్యమైన సరుకు ఈ నివేదికలే. 2020 జనవరి 23న అంతర్జాతీయ న్యాయస్థానం ఏకగ్రీవంగా తాత్కాలిక ఆదేశాలిచ్చినప్పుడు కూడా వీటినే ఉటంకించింది. పౌరసత్వ చట్టం జాబితాలో పేరు లేని జనం, కోర్టు ఆదేశంలో రోహింగ్యాలుగా పేరుతో నమోదయ్యారు.

అలాగని నిపుణుల మాట ఎప్పుడూ గెలుస్తుందని కాదు. 2010లో డియాలో కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం మానవ హక్కుల కమిటీ వ్యాఖ్యానానికి గొప్ప విలువ ఇవ్వాలంది. విదేశీయుల్ని బహిష్కరించడం మీద కేసు అది. పదేళ్లు దాటాక, 2021 ఫిబ్రవరిలో, ఖతార్-యూఏఈ కేసులో అదే న్యాయస్థానం జాతి వివక్ష నిర్మూలన కమిటీ మాటను పక్కన పెట్టింది. ఖతార్ పౌరులు కావడం వల్ల కొందరిని వెళ్లగొట్టడం జాతీయ మూలం ఆధారంగా వివక్ష కిందికి వస్తుందా అన్నది ప్రశ్న. పౌరసత్వం ఆధారంగా చూపే తేడా కూడా వివక్ష కావచ్చని కమిటీ 2004లోనే రాసింది. న్యాయస్థానం మాత్రం 11-6తో, జాతీయ మూలం పుట్టుకతో వచ్చేది, ప్రస్తుత పౌరసత్వం వేరు అంది. వలస వెళ్లినవాళ్లకు ఇది చిన్న దెబ్బ కాదు. వాళ్ల మీద పడే వివక్షలో చాలా భాగం పాస్‌పోర్టు రంగును బట్టే కదా. ఇక వలస కార్మికుల కోసమే ప్రత్యేకంగా 1990లో రాసిన ఒడంబడిక 2003లో అమల్లోకి వచ్చింది గానీ, వాళ్లు ఎక్కువగా వెళ్లే సంపన్న పశ్చిమ దేశాలేవీ అందులో చేరలేదు. అందువల్ల 1999లో ఏర్పడిన వలసదారుల స్పెషల్ రాపోర్టర్ పదవికి ప్రాధాన్యం పెరిగింది. ఆ పదవిలో ఉన్నవాళ్లు ఏ దేశం గురించైనా రాయొచ్చు, ఒడంబడిక మీద దాని సంతకం ఉండనక్కర్లేదు. 2013లో ఫ్రాన్స్వా క్రెపో యూరోప్ సరిహద్దుల మీద నివేదిక ఇచ్చింది ఆ హోదాలోనే.

ఓస్ట్రావా సంగతి మళ్లీ. తీర్పు వచ్చేనాటికి చెక్ ప్రభుత్వం స్పెషల్ స్కూళ్ల పేరు మార్చేసింది. పిల్లలు చాలావరకు అవే బడుల్లో, అదే సిలబస్‌తో ఉండిపోయారు. తీర్పు అమలును యూరోప్ మండలి మంత్రుల కమిటీ ఏళ్ల తరబడి సమీక్షిస్తూ వచ్చింది. ప్రతిసారీ ఒకే ప్రశ్న: ఇప్పుడెంతమంది? దానికి జవాబు చెప్పడానికి చెక్ విద్యాశాఖ చివరికి తన బడులకే ప్రశ్నావళి పంపడం మొదలుపెట్టింది, రోమా పిల్లలు ఎంతమంది ఉండొచ్చో హెడ్మాస్టర్లనే అంచనా వేసి చెప్పమంటూ.